సలహా గదికి మార్కులు

ఆసుపత్రిలో దేనికి మార్కులు వేయమన్నా వేయొచ్చు. ఆపరేషన్ గదికి వేయొచ్చు, ఎంతమంది బతికి బయటపడ్డారో లెక్క ఉంటుంది. క్యాంటీనుకు వేయొచ్చు, ఇడ్లీ గట్టిగా ఉంటే సున్నా, మెత్తగా ఉంటే ఐదు. కానీ నాయనకు వెంటిలేటర్ పెట్టాలా వద్దా అని నలుగురు కొడుకులు కొట్టుకునేంత పనై వస్తే, వాళ్లను గంటన్నర కూర్చోబెట్టి, కాఫీ పోసి, కడుపులో ఉన్నదంతా కక్కించి పంపే గదికి ఏం మార్కులు వేస్తారు? ఏ కొలతతో కొలుస్తారు? లోకేశ్వరికి ఒళ్లు మండింది.

"కొలిచేదానికి ఫారం ఉండాది మేడం," అని కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది భవిత.

భవితది చిత్తూరు. ఇరవై ఆరేళ్లుంటాయి. ఆసుపత్రి సేవల నాణ్యత చూసే విభాగంలో చేరి ఎనిమిది నెలలైంది. మంచి పిల్లే, కాకపోతే ఏది కనబడినా ఒకటి నుంచి ఐదు దాకా గడులు గీయందే ఊరుకోదు. పిలిచిన ఎంతసేపటికి వచ్చారు? మీ మాట విన్నారా? నిర్ణయం తీసుకోవడంలో సాయపడ్డారా? చివర్లో, రోగికి మీరు ఏమవుతారు అన్న ప్రశ్న, కింద సంతకం.

"ఇప్పుడెందుకు వచ్చింది పాపా ఈ పరీక్ష? పన్నెండేండ్లుగా ఎవురూ అడగలేదే?"

భవిత తల వంచుకుని చెప్పింది. కొత్త డైరెక్టరు హేమచంద్రగారు ఈ గదిని స్కానింగ్ రిపోర్టులిచ్చే కౌంటరు చేద్దామంటున్నారట. రోజూ రెండు వందల మంది కిందా మీదా పడుతున్నారట రిపోర్టుల కోసం. ఈ గదికి నెలకు ఒకటో రెండో కేసులు. దీనివల్ల జనానికి మేలు జరిగిందని చూపిస్తే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. పదిహేను రోజులు గడువు.

 అది మామూలు గదా? డాక్టర్ బాలచంద్ర గది.

పన్నెండేళ్ల కిందట అది ఉతికిన దుప్పట్లు పెట్టుకునే గది. అప్పుడు లోకేశ్వరి హెడ్ నర్సు. ఒక రోజు పొద్దున్నే బాలచంద్రగారు వచ్చి, "లోకేశ్వరమ్మా, నీ దుప్పట్లకు వేరే చోటు చూసుకో, ఇక్కడ నాకు మనుషులు కావాలి," అన్నారు. ఇద్దరూ కలిసి బీరువాలు జరిపారు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ. తెల్లవారుజామున అలిపిరి వైపు నడిచేవాళ్ల గోవింద నామాలు లోపలికి వినబడేవి. తలుపు మీద క్లినికల్ ఎథిక్స్ సేవ అని బోర్డు కొట్టించారు. ఆ పేరుకు ఎవరికీ నోరు తిరగలేదు. జనం సలహా గది అన్నారు, అదే నిలిచిపోయింది.

వైద్యం ఎట్లా చేయాలో డాక్టర్లకు తెలుసు. చేయాలా వద్దా అన్నది తేలనప్పుడే ఆ గది తలుపు తెరుచుకునేది. పెట్టిన వెంటిలేటర్ తీయాలా, జబ్బు పేరు చెప్పాలా దాచాలా, ఇంటికి తీసుకుపోతామంటే పంపాలా ఆపాలా. బాలచంద్రగారు ఇంటి నుంచి ఫ్లాస్కులో కాఫీ తెచ్చేవారు. ముందు కాఫీ, తర్వాతే మాట. "వేడిది చేతిలో ఉంటే మనిషి అరవలేడమ్మా," అనేవారు. అరిచేవాళ్లు అరిచేవాళ్లే అనుకోండి, ఒకాయన గ్లాసుతో సహా విసిరికొట్టాడు, ఆ మరక గోడ మీద నాలుగేళ్లుంది. అయినా ఆయన నవ్వు ఆగలేదు. ఎంత మంచి రోజులవి! కాళ్లు పీకుతున్నా ఇంటికి పోవాలనిపించేది కాదు.

కేసు అయిపోగానే ఒక నల్ల అట్ట నోటు పుస్తకంలో రెండు మూడు ముక్కలు రాసేవారు. చివరి మాట ఎప్పుడూ ఒకటే. గొడవ లేకుండా వెళ్లారు. ఆయనకు అదే కొలత. వచ్చినప్పుడు ముఖాలు చూసుకోని అన్నదమ్ములు పోయేటప్పుడు ఒకే ఆటో ఎక్కితే, కిటికీలోంచి చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయేవారు. రెండేళ్ల కిందట ఆయన పోయారు. పోయినేడు లోకేశ్వరి రిటైరైంది. ఆ గది కేసులు చూసే కమిటీలో మాత్రం సభ్యురాలిగా ఉండిపోయింది. పిలిస్తే వస్తుంది, పిలవకపోయినా వస్తుంది.

"సరే పద పాపా," అంది నోటు పుస్తకం సంచిలో వేసుకుంటూ. "మా జనం ఏమంటారో నీ చెవులతోనే విందువుగాని."

వారం రోజులు ఇద్దరూ తిరిగారు. తిరుచానూరులో పూలమ్మే మునెమ్మ ఫారం చూడనే లేదు. "అన్నిటికీ ఐదే ఎయ్యి పాపా. ఆ డాక్టరయ్య మా ఆయన మంచం పక్కన కింద కూకున్నాడు. డాక్టరు నేల మీద కూకునేది యాడన్నా సూసినావా?" అని ఇద్దరి తలల్లోనూ మూరెడు మల్లెలు తురిమింది. చిత్తూరులో బియ్యం వ్యాపారి చెంగల్రాయుడు అన్నిట్లోనూ ఐదు వేసి, ఆరు వేయడానికి లేదా అని అడిగాడు. ప్రతి ఇంట్లోనూ బాలచంద్రగారి ముచ్చట్లే. పోయినవాళ్లను తలుచుకుని ఏడ్చారు, ఆయన్ను తలుచుకుని నవ్వారు. లోకేశ్వరికి పదేళ్ల వయసు తగ్గినట్టుంది.

భవిత మాత్రం బస్సులో ముఖం వేలాడేసింది. "అందరూ ఐదే ఏస్తే డైరెక్టరు సార్ నమ్మరు మేడం. మనమే ఏయించినామంటారు."

"మనోళ్లు అంతే పాపా. కుర్చీ ఏసి కూర్చోమన్నోళ్లను తప్పు పట్టరు. పెద్దాసుపత్రిలో మనల్ని మనిషిగా చూసినారు కదా, అదే పదివేలంటారు."

చెప్పింది గాని, ఆ మాట తన నోట్లోంచి వచ్చాక ఆమెకే ఎక్కడో చురుక్కుమంది. కుర్చీ వేసినందుకు ఐదు మార్కులైతే సలహాకు ఎన్ని? ఆ ఆలోచనను అక్కడికక్కడే తోసేసింది.

చివరి ఊరు నగరి. చివర్లో పెట్టింది లోకేశ్వరే, కావాలని పెట్టింది. ఆ కేసంటే ఆమెకు గర్వం. ఐదేళ్ల కిందటి సంగతి. చౌడేశ్వరమ్మ అని నేతపని చేసే కుటుంబంలో పెద్దావిడ, డెబ్బై దాటింది. కడుపులో క్యాన్సరు కాలేయం దాకా పాకింది. రోజులే మిగిలాయి. ఆమెకు ఉన్నది చెప్పి ఇంటికి పంపడమా, చెప్పకుండా ఆసుపత్రిలోనే ఉంచి చేయగలిగింది చేయడమా? ముగ్గురు కొడుకులు వచ్చి కూర్చున్నారు. ముగ్గురిదీ ఒకే మాట. అమ్మకు చెప్పొద్దు, ఇక్కడే ఉంచండి. అట్లాగే ఉంచారు, ఆమె ఆసుపత్రిలోనే పోయింది. నోటు పుస్తకంలో ఆ పేజీ కింద బాలచంద్రగారు రెండు గీతలు కూడా గీశారు. గొడవ లేకుండా వెళ్లారు. అందరిదీ ఒకే మాట.

వీధి మొదట్లోనే పవర్‌లూమ్‌ల మోత చెవులు చిల్లులు పడేట్టు ఉంది. పెద్దకొడుకు తులసీరాం ఇంట్లో మాత్రం ఇంకా చేతిమగ్గమే. లోకేశ్వరిని చూడగానే గుర్తుపట్టి లేచాడు. చాప పరిచాడు, మజ్జిగ ఇప్పించాడు, పిల్లలంతా బాగున్నారా సిస్టరమ్మా అని అడిగాడు. అన్నీ అయ్యాక భవిత ఫారం ఇచ్చింది.

తులసీరాం కలం పట్టుకున్నాడు. మునెమ్మలా చూడకుండా ఇచ్చేయలేదు. ఒక్కో ప్రశ్న చదివాడు. చివరి ప్రశ్న దగ్గర ఆగాడు.

"రోగికి మీరు ఏమవుతారు అని ఉండాది కదమ్మా. కొడుకు, కూతురు, భార్య, భర్త, ఇతరులు. రోగి అని లేదే?"

భవిత తడబడింది. "అది... రోగులు చాలామంది ఉండరు కదండీ..."

"ఉన్నబ్బుడు అడగలేదు గదా," అన్నాడు తులసీరాం. గొంతులో కోపం లేదు. "తప్పుగా అనుకోవద్దు సిస్టరమ్మా. మమ్మల్ని బాగా సూసినారు. నా మాట ఇన్నారు, నా తమ్ముళ్ల మాట ఇన్నారు. నాకైతే ఐదుకు ఐదు ఎయ్యొచ్చు. కానీ జబ్బు నాది కాదే. సచ్చిపోయింది మా అమ్మ. ఆయమ్మ మాట ఎవురిన్నారు?"

లోకేశ్వరి వెంటనే అందుకుంది. "అమ్మకు అప్పటికే మతి నిలకడ లేదు తులసీరామూ. కేసు షీట్లో డ్యూటీ డాక్టరు రాసినాడు కదా. దుప్పటి అంచు పీకుతానే ఉన్నింది రెండు రోజులు."

రోగం ముదిరినప్పుడు మతి చెదిరి దుప్పటి పీకడం నర్సులకు తెలిసిన గుర్తే. అది చూశాకే రోగిని అడగనక్కర్లేదని, కొడుకుల మాట చాలని కమిటీ అనుకుంది.

తులసీరాం లేచి మగ్గం దగ్గరికి రమ్మన్నాడు. అయిపోయిన చీర కోసి తీశారు. మగ్గానికి పాత పోగుల కొసలు వేలాడుతున్నాయి, పక్కనే కొత్త పోగులు. ఆయన భార్య కింద కూర్చుని పాత పోగుకు కొత్త పోగు కలిపి, బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి ఒక్క మెలి తిప్పి అతికిస్తోంది. ఒకటి, పక్కకు జరిగి ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. వేలకు వేల పోగులు. కళ్లు వాకిట్లో ఆడుకునే పిల్లల మీద ఉన్నాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

లోకేశ్వరి ఆ వేళ్లను చూసింది. 

"నలభై ఏండ్లు ఈదిలో అందరి మగ్గాలకూ అతికిపెట్టింది మా అమ్మే," అన్నాడు తులసీరాం. "ఏదన్నా గట్టిగా ఆలోచించేటబ్బుడు కొంగు దొరికితే కొంగు, దుప్పటి దొరికితే దుప్పటి. వేళ్లు అట్ల పోతా ఉంటాయి. ఆయమ్మకు అంత తెలివి ఇంకెప్పుడూ ఉండదు. మతి తప్పిందని మీరు రాసుకున్నారు. మీకు తెలీదు, నిజమే. నాకు తెలుసు గదా! నేను సూసినా గదా! నోరు తెరవలా. తెరిస్తే ఆయమ్మతో మాట్లాడాల్సొస్తాది. ఆ మాట నా నోటితో సెప్పలేక, మీరు రాసిందే నిజమని ఊరకుండిపోయినా."

పెద్ద మనిషి పిల్లాడిలా ఏడ్చాడు. భార్య వేళ్లు ఆగిపోయాయి. భవిత ఏం చేయాలో తెలియక ఫారాన్ని ఒళ్లో దాచుకుంది.

లోకేశ్వరి అప్పుడు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఐదేళ్లుగా కడుపులో పెట్టుకున్నది ఇంకో పదేళ్లు పెట్టుకునేది. కానీ ఆ మనిషి తన తప్పంతా ముందర పోసుకుని కూర్చుంటే ఊరుకోవడం ఆమె చేతకాలేదు.

"నన్ను అడిగింది తులసీరామూ," అంది. "నువ్వు టీకి కిందికి పోయినావు. నా చెయ్యి పట్టుకొని అడిగింది, ఇంటికి పోతానా తల్లీ, పోయేటట్టుంటే పోతావని సెప్పు, లేదంటే లేదని సెప్పు, నాకు పనుండాది అని. ఎంత బాగా అడిగిందో! మతి లేని మనిషి అట్ల అడుగుతాదా? నాకు తెలీలేదా? రేపు చూద్దాం పెద్దమ్మా అన్న్యాను. మళ్లీ రోజు అడిగింది. మళ్లీ రేపు అన్న్యాను. ఐదు రోజులు అదే మాట చెప్పినా. గదిలో అందరూ ఒప్పుకున్నారు కదా, గొడవ లేదు కదా, నేనెందుకు కెలకాలి అనుకున్న్యాను."

తులసీరాం కండువాతో ముఖం తుడుచుకుని ఫారం అడిగి తీసుకున్నాడు. మీ మాట విన్నారా అన్నచోట ఐదు వేశాడు. కింద ఖాళీలో వంకర అక్షరాలతో రాశాడు. మా అమ్మను అడగలేదు. మేమూ అడగలేదు. మొత్తం మార్కుల దగ్గర ఒకటి.

తిరుగు బస్సు పుత్తూరు దాటిన తర్వాత భవితే నోరు విప్పింది. "ఈ ఒక్క ఫారం పక్కన పెట్టేద్దామా మేడం? కారణం ఏదో ఒకటి రాస్తా. ఇది చూస్తే సార్ గది మూసేస్తారు."

పెట్టేయమందామని లోకేశ్వరి నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధమెందుకు, చాలా గట్టిగా వచ్చింది. ఆ తలుపుకు కౌంటరు కిటికీ కోసేసినట్టు, బాలచంద్రగారు కూర్చున్న చోట టోకెన్ల మిషను పెట్టినట్టు కళ్లకు కట్టింది. ఆమె జీవితంలో మంచి రోజులన్నీ ఆ నాలుగు గోడల మధ్యే ఉన్నాయి.

"పెట్టొద్దు పాపా," అంది చివరికి. "ఇన్నిండ్లు తిరిగినాం. నిజంగా మార్కులేసింది ఆ ఒక్కడే."

మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గదిలోనే కూర్చుని నోటు పుస్తకం మొదటి పేజీ నుంచి చదివింది. రెండు వందల పద్నాలుగు కేసులు. ఆ గుండ్రటి అక్షరాలు చూస్తుంటే మనిషి పక్కనే ఉన్నట్టుంది. ఎన్నో చోట్ల నవ్వుకుంది, కొన్నిచోట్ల కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. కానీ ఈసారి ఆమె వెతికింది వేరే. నూట ఇరవై ఆరు కేసుల్లో రోగి మాట్లాడగలిగే స్థితిలోనే ఉన్నాడు. వాళ్లలో ముప్పై ఒక్కరినే అడిగారు. మిగతా తొంభై ఐదు మందీ అవతల మంచం మీద ఉండగానే ఇవతల అందరూ కాఫీ తాగి ఒక మాట మీదికి వచ్చారు. ఎంత మంచివారు డాక్టరుగారూ మీరు, అనుకుంది లోకేశ్వరి. ఎంత మంచివాళ్లం మనం. మంచితనంలో పడి ఎంత పని చేశాం! ఆయన మీద ప్రేమ ఇసుమంతైనా తగ్గలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది.

శుక్రవారం డైరెక్టరు ముందు భవిత తన పట్టికలు పెట్టింది. సగటు నాలుగు పాయింట్ తొమ్మిది. హేమచంద్ర కనుబొమలెగరేశాడు. అప్పుడు లోకేశ్వరి తులసీరాం ఫారం తీసి పైన పెట్టి, నూట ఇరవై ఆరు, ముప్పై ఒకటి అన్న లెక్క చెప్పింది.

ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఏంటమ్మా ఇది? గది కాపాడుకునేదానికి వచ్చినారా, మూయించుకునేదానికి వచ్చినారా?"

"నాకూ తెలీదు సార్. మార్కులు అడిగినారు, తెచ్చినాను. మేం గొడవలు ఆపినాం. అదే సేవ అనుకున్నాం. మంచం మీద మనిషికి ఏం చేసినామంటే చెప్పేదానికి నా దగ్గర ముప్పై ఒక్క పేజీలే ఉండాయి."

హేమచంద్ర చెడ్డవాడేం కాదు, జనం రిపోర్టుల కోసం తొక్కుకోవడం రోజూ చూస్తున్నవాడు. "మూడు నెలలు," అన్నాడు. "ఈసారి రోగి చేతి మార్కులు తీసుకురండి. లేకుంటే కౌంటరే. అప్పుడు నన్ను తిట్టుకోకూడదు."

సోమవారమే వార్డు నుంచి ఫోనొచ్చింది. పూతలపట్టు దగ్గర వేరుశెనగ పండించే రైతు, కుప్పయ్య. డెబ్బై రెండేళ్లు. ఊపిరితిత్తుల నిండా గడ్డలు. కొడుకు మునిశేఖర్ సలహా గది ముందు నిలబడి ఉన్నాడు. నాయనకు చెప్పొద్దు, ఆ మాట మీరే డాక్టర్లకు గట్టిగా చెప్పాలి, ఇదీ అతను అడగవచ్చింది.

"నీతో కూర్చుంటా నాయనా. ముందు ఆయన్ను చూసొస్తా," అంది లోకేశ్వరి.

మునిశేఖర్ దారికి అడ్డం వచ్చాడు. "వొద్దు మేడం, దండం పెడతా. మా నాయనకు తెలిస్తే గుండె ఆగిపోతాది."

"నేనేమీ చెప్పను. అడుగుతాను, అంతే. వద్దంటే వచ్చేస్తా."

లోపల కుప్పయ్య దిండుకు ఆనుకుని కొండ వైపు చూస్తున్నాడు. మనిషి ఎముకలే మిగిలాడు గాని చూపు చురుగ్గా ఉంది. లోకేశ్వరి స్టూలు లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా ఈ పని ఆమెకు నిజంగా కొత్త.

"పెద్దాయనా, నీ జబ్బు గురించి డాక్టర్లు కొన్ని మాటలు అనుకుంటాండారు. అవి నీకు సెప్పమంటావా, నీకొద్దు, కొడుక్కి సెప్పమంటావా? యాదైనా సరే, నీ ఇష్టమే."

కుప్పయ్య ఆమెను తేరిపార చూశాడు. తలుపు అద్దంలోంచి కొడుకు లోపలికి చూస్తూ నవ్వు ముఖం పెట్టుకుని చెయ్యి ఊపుతున్నాడు. కుప్పయ్య కూడా నవ్వి చెయ్యి ఊపాడు. కొడుకు పక్కకు తప్పుకోగానే ఆ నవ్వు పోయింది.

"నాకు తెలుసు తల్లీ," అన్నాడు మెల్లగా. "నెల్నాళ్లుగా తెలుసు. నాకు తెలుసని వాడికి సెప్పేదానికే ఒక మనిసి దొరకలా."

లోకేశ్వరి లేచి వెళ్లి, తలుపు తీసి, మునిశేఖర్‌ను లోపలికి పిలిచింది.